పదకొండవ నంబరు సూచిక

మాఘ పౌర్ణమికి హంసలదీవి వెళ్ళి సముద్రస్నానం చేసి వచ్చినవారు మన పాఠకులలో చాలామందే ఉంటారు. కాకి ఒకటి వచ్చి కృష్ణ సాగరంలో కలిసేచోట మునిగి, హంసయై పైకి లేచినదనీ, అందువల్లనే ఆ ఊరికి ఆ పేరు వచ్చినదనీ పెద్దలు చెపుతారు. వేణుగోపాలస్వామి దర్శనం చేసుకుని ఇంకా సముద్రం వైపు సాగితే వచ్చేది పాలకాయతిప్ప. ఆ పైన ఇక ఊళ్ళు లేవు. ఇసుక, మడ అడవి, నీళ్ళు. కృష్ణా జిల్లా అక్కడితో సరి.

స్నానానికి వెళ్ళినవారికి అది కన్నులపండుగైన చోటు. బండి కట్టించుకునో, బస్సెక్కో సాయంత్రానికి కోడూరు చేరుకుంటారు, రాత్రికి అవనిగడ్డ. కాని అక్కడే కాపురముండి, తెల్లవారుజామున పడవ దింపేవారి సంగతి వేరు. వారికి ప్రతి ఏటా వైశాఖంలో ఒకసారి, ఆశ్వయుజ కార్తీకాలలో ఒకసారి ఒకటే ప్రశ్న: సముద్రం లేచి వచ్చేటట్లయితే ఆ సంగతి మాకు ముందుగా ఎవరు చెపుతారు? చెప్పినది మా చెవిని ఎట్లా పడుతుంది?

ఈ ప్రశ్నకు జవాబు వెతుకుతూ నేను మొదట తిరిగి చూసినది మా బందరు రేవును. రేవులో తుపాను సూచికలు ఎగురవేస్తారని అందరికీ తెలిసినదే. ‘మచిలీపట్నం రేవులో మూడవ నంబరు ప్రమాద సూచిక’ అని పత్రికలో కనబడితే చాలు, హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటున్న బందరువాడు కూడా ఇంటికి ఫోను చేస్తాడు. ఈ సూచికలు మొత్తం పదకొండు. ఒకటి, రెండు నంబర్లు దూరాన సముద్రంలో ఏదో పుట్టినదని చెప్పేవి. మూడు, నాలుగు ఈ రేవుకే గాలివాన తగలవచ్చునని. ఐదు నుంచి ఏడు వరకు ప్రమాదం. ఎనిమిది నుంచి పది వరకు మహాప్రమాదం. పదే మహాప్రమాదమైతే పదకొండు ప్రళయమే కాబోలునని చిన్నప్పుడు నేను భయపడుతుండేవాణ్ణి. కాదట. పదకొండవ నంబరుకు అర్థం ఇది: వాతావరణ హెచ్చరిక కేంద్రంతో మాకు సంబంధం తెగిపోయినది, అక్కడి కబురు అందటంలేదు, వాతావరణం చెడవచ్చునని మాత్రం మాకు తోస్తున్నది.

ఈ నియమం ఏర్పరచిన మనిషి ఎవరో గాని బుద్ధిమంతుడు. కబురు రాకపోవటాన్ని కూడా ఒక కబురుగా లెక్కపెట్టాడు. ఓడల మీద తిరిగేవారికి ఉన్న ఈ సదుపాయం ఒడ్డున గుడిసెలలో ఉండేవారికి ఈనాటికీ లేదు. రేడియో మూగపోతే, సెల్‌ఫోనులో గీతలు మాయమైతే, అది తుపాను వల్లనో, ఎక్కడో మామూలు మరమ్మతు వల్లనో పాలకాయతిప్పలో ఉన్నవారికి ఎట్లా తెలుస్తుంది? రేడియో హెచ్చరికల ఏర్పాటును కొత్త పద్ధతులలోకి మార్చాలని నేడు దేశదేశాలలో ఆలోచిస్తున్నారు. ఆ ఆలోచన ఈ పదకొండవ నంబరు దగ్గర మొదలుకావాలని నా నమ్మకం.

మన దేశంలో తుపాను హెచ్చరికల కథకు ఒక విధంగా బందరుకూడా కారణమే. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి పెనుగాలితో పాటు ఉప్పెన వచ్చి పట్నం మీద పడింది. పట్నంలోనూ చుట్టుపట్ల ఊళ్ళలోనూ కలిపి ముప్ఫైవేలమంది దాకా పోయారు. దానికి నాలుగు వారాల ముందే, అక్టోబరు 5న, కలకత్తాను ఇంకొక తుపాను ముంచి వెళ్ళింది. ఈ రెండు దెబ్బలు తగిలాక దొరతనంవారు కళ్ళు తెరచి 1865లో కలకత్తా రేవుకు తుపాను హెచ్చరికల ఏర్పాటు చేశారు. 1875లో భారత వాతావరణ శాఖ పుట్టింది. ఇందులో గమనించవలసినదొకటి ఉన్నది. హెచ్చరిక మొదట పుట్టినది ఓడలకోసం, సరుకులకోసం. ఊళ్ళకు దానిని చేర్చే సాధనమే ఆనాడు లేదు. టముకు వేసేవాడి గొంతు ఎంతవరకు వినబడితే హెచ్చరిక అంతవరకే.

ఆ గొంతును పొడిగించినది రేడియో. 1948 డిసెంబరు 1న విజయవాడలో రేడియో కేంద్రం మొదలయింది. తర్వాత పంచాయతీ కార్యాలయాలకు రేడియోలు వచ్చాయి. గూటిలో పెట్టె, పైన లౌడుస్పీకరు, సాయంత్రమయ్యేసరికి అరుగుమీద ఊరంతా. వ్యవసాయదారుల కార్యక్రమం వినటానికి వచ్చినవాడు నాటకం కూడా విని వెళ్ళేవాడు. ఆ తర్వాత ట్రాన్సిస్టరు వచ్చి, రేడియో గూటిలోనుంచి దిగి పొలంగట్టు మీదికీ, పడవలోకీ పోయింది. ఉదయం ప్రాంతీయ వార్తలు వినబడనిదే కాఫీ గొంతు దిగని ఇళ్ళు మన జిల్లాలో ఎన్ని ఉండేవో!

ఇక్కడ కొంచెం శాస్త్రం చెప్పుకోవాలి, పాఠకులు విసుగుకోవద్దు. విజయవాడ కేంద్రం తరతరాలుగా వినిపించినది మీడియం వేవ్ మీద. ఈ తరంగం నేలను అంటిపెట్టుకుని పాకుతుంది. నేల ఎంత తడిగా, ఎంత ఉప్పగా ఉంటే అంత సులువుగా సాగుతుంది. రాతి గుట్టల మీద త్వరగా అలసిపోయే ఆ తరంగానికి మన డెల్టా మాగాణి మంచి బాట. సముద్రపు ఉప్పునీరు రాజబాటే. అందుకనే తీరానికి చాలా మైళ్ళ దూరాన వల వేసి కూర్చున్నవాడి ట్రాన్సిస్టరులో కూడా తెలుగు మాట వినబడేది. ఎఫ్.ఎం. తరంగం స్వభావం వేరు. సంగీతం చక్కగా పలుకుతుంది గాని, చూపు ఆనినంత మేరే దాని పరుగు. సెల్‌ఫోను సంగతి చెప్పనక్కరలేదు. ఒడ్డుదాటి కాస్త దూరం పోతే అందదు.

మరి అంత దూరం వినబడే రేడియో ఉండగా 1977లో ఏమయింది?

ఆ సంవత్సరం నవంబరు 19, శనివారం. తుపాను సంగతి వాతావరణ శాఖవారు కనిపెట్టకపోలేదు. హెచ్చరికలు వెలువడ్డాయి, రేడియోలో వినిపించాయి. దక్షిణ కోస్తా వైపు సాగుతున్నదనుకున్న తుపాను ఉత్తరానికి తిరిగి, ఆ సాయంకాలం చీరాల దగ్గర తీరం దాటింది. చీరాల ఎక్కడ, దివిసీమ ఎక్కడ! మ్యాపులో వేలు పెట్టి చూస్తే నడుమ ఎంతో దూరమున్నది. కాని మన అర్ధగోళంలో తుపాను గాలి గడియారపు ముల్లు తిరిగే దిక్కుకు ఎదురుగా తిరుగుతుంది. మన తీరాన్ని దాటే తుపానుకు కుడిచేతి వైపు, అనగా ఉత్తరపు వైపు, గాలి సముద్రం నుంచి నేలమీదికి వీస్తుంది. ఎడమచేతి వైపు నేలనుంచి సముద్రంలోకి వీస్తుంది. చీరాల దగ్గర తుపాను దాటితే కుడిచేతి వైపున ఉన్నది దివిసీమ. అక్కడ సముద్రం లోతు తక్కువ. గాలి తోసుకువచ్చిన నీటికి కిందికి పోవటానికి చోటులేదు. పైకి లేచింది. కొన్నిచోట్ల ఐదారు మీటర్ల ఎత్తున లేచి, మైళ్ళకొద్దీ లోపలికి వచ్చింది.

నాగాయలంక ప్రక్కన సొర్లగొంది ఊరు ఊరంతా తుడిచిపెట్టుకుపోయింది. పాలకాయతిప్ప, హంసలదీవి చుట్టుపట్ల గుడిసె మిగలలేదు; వేణుగోపాలస్వామి గుడిలోకి చేరినవారు బ్రతికారు. ముళ్ళ తుమ్మచెట్లను కౌగలించుకుని రాత్రంతా గడిపినవారు కొందరు. ప్రభుత్వం లెక్కలోనే పోయినవారు పదివేలకు పైన. తెల్లవారాక కూడా ఆ సంగతి బయటి ప్రపంచానికి వెంటనే తెలియలేదు. తీగలు తెగిపోయాయి, దారులు మునిగిపోయాయి. పదకొండవ నంబరు ఎగురవేయవలసిన ఘడియ అది, ఎగురవేసేవారే లేరు.

ఆనాటి హెచ్చరిక అబద్ధమని ఎవరూ అనరు. తుపాను ఎక్కడ తీరం దాటుతుందో అది చెప్పింది. నీ గుడిసెలోకి నీళ్ళు ఎంత లోతు వస్తాయో చెప్పలేదు. దివిసీమ మనిషి చీరాల పేరు విని, మనకు కాదులే అనుకుంటే తప్పు అతనిదా?

ఈ లోపాన్ని తీర్చటానికి తర్వాత జరిగిన ప్రయత్నం మన తీరం చరిత్రలో చెప్పుకోతగినది. 1983లో ఇన్సాట్-1బి ఉపగ్రహం ఆకాశంలోకి వెళ్ళింది. దాని సాయంతో 1980ల నడుమ ఒక కొత్త రేడియో ఏర్పాటు చేశారు. మద్రాసులోని తుపాను హెచ్చరిక కేంద్రంలో మనిషి తెలుగులో మాట్లాడుతాడు. ఆ మాట ఉపగ్రహానికి ఎక్కి, తీరంలోని కచేరీలలో, పోలీసు ఠాణాలలో పెట్టిన పెట్టెలలోకి దిగుతుంది. వింత ఇదికాదు. జిల్లాకొక సంకేతమున్నది. కృష్ణా జిల్లా సంకేతంతో పంపితే కృష్ణా జిల్లా పెట్టెలే మేలుకుంటాయి. శ్రీకాకుళంలోని పెట్టె నిద్రపోతూనే ఉంటుంది. మేలుకున్న పెట్టె మొదట సైరను కూస్తుంది, కునికిపాట్లు పడుతున్న గుమాస్తా లేచి కూర్చుంటాడు, అప్పుడు మాట వినబడుతుంది. ఎవరూ బటను నొక్కనక్కరలేదు.

దానికి గట్టి పరీక్ష 1990 మే 9న వచ్చింది. 1977 నాటి దానికి తీసిపోని తుపాను కృష్ణ ముఖద్వారం దగ్గరనే దాటింది. ఈసారి లక్షలమందిని ముందుగా తీర గ్రామాలనుంచి తరలించారు. పోయినవారు వేయిమంది లోపు. వేయి చిన్న లెక్క కాదు, ఒక్కొక్కటీ ఒక ఇల్లే. అయినా పదివేలకూ దానికీ ఉన్న తేడాలో ఆ మాట్లాడే పెట్టెలకు వాటా ఉన్నది. తుపాను షెల్టర్లకూ, జీపు వేసుకుని మైకు పట్టుకుని తిరిగిన ఉద్యోగులకూ, లేవమంటే లేచి వచ్చిన జనానికీ ఉన్నది. పదమూడేళ్ళ క్రితం చూసినవారు ఎవరు లేవకుండా ఉంటారు?

ఆ ఏర్పాటులో ఒక అతుకు మాత్రం మిగిలిపోయింది. పెట్టె ఉన్నది కచేరీలో. కచేరీ నుంచి పాలకాయతిప్ప దాకా మళ్ళీ జీపు, మళ్ళీ మైకు, వాన ముదిరితే మళ్ళీ టముకే. ఉపగ్రహం నుంచి మండలం దాకా రెప్పపాటు. మండలం నుంచి గుడిసె దాకా గంటలు.

అమెరికావారు ఈ పనిని వేరొక దారిన చేశారు. అక్కడ వాతావరణానికని విడిగా రేడియో ఉన్నది. వేయికి పైగా ట్రాన్స్‌మిటర్లు, 162 మెగాహెర్ట్జ్ చుట్టూ ఏడు స్థానాలు. రాత్రింబగళ్ళు వాతావరణం సంగతులు చెపుతూనే ఉంటాయి. దానిని వినే పెట్టె కచేరీలో కాదు, ఇంట్లో వంటగది గూట్లో ఉంటుంది. తన జిల్లా సంకేతం వస్తే అర్ధరాత్రి అయినా తనంతట తానే మేలుకుని కూస్తుంది. మన పెట్టెకున్న తెలివే దానికీ ఉన్నది, అయితే అది ఇల్లు చేరింది. నాకు అన్నిటికన్న నచ్చినది, వారానికొకసారి, మామూలుగా బుధవారంనాడు, దానిని పరీక్షగా కూయిస్తారు. బుధవారం కూత వినబడకపోతే ఇంటావిడ పెట్టె తెరచి సెల్లు చూస్తుంది. జపానులో 1985నుంచి రేడియో, టెలివిజను ప్రసారాలలోనే ఒక సంకేత ధ్వని కలుపుతున్నారు. తగిన సెట్టు ఉంటే, కట్టేసి ఉన్నా, దానంతటదే పలుకుతుంది.

ఇక మన ఇంటి సంగతి. ఇటీవల మనకు కొత్తవి చాలానే వచ్చాయి. బందరులో 2004లో డాప్లర్ రాడారు పెట్టారు. సముద్రంలో చేపలు పట్టేవారికి ఇస్రో తయారుచేసిన రెండవ తరం అపాయ సూచక యంత్రం 2024లో వచ్చింది. దాని ద్వారా ఒడ్డుకు మొర పెట్టుకోవచ్చు, ఒడ్డునుంచి జవాబూ రావచ్చు. 2023 జనవరిలో కేంద్ర ప్రభుత్వం ఆకాశవాణి, దూరదర్శన్‌ల బాగుకోసం రెండువేల అయిదువందల కోట్ల రూపాయలకు పైగా మంజూరు చేసింది. ఎఫ్.ఎం. వినబడే జనాభాను నూటికి 68 నుంచి 80కి పెంచటం అందులో ఒక లక్ష్యం. ఆ ఏప్రిలులోనే దేశంలో 91 చిన్న ఎఫ్.ఎం. ట్రాన్స్‌మిటర్లను ఒక్కరోజున ప్రారంభించారు. ఒక్కొక్కటీ వంద వాట్లది. మంచిదే. కాని వంద వాట్ల ఎఫ్.ఎం. ఒక పట్నానికీ చుట్టుపట్ల పల్లెలకూ సరిపోతుంది, సముద్రంలోకి పోలేదు. మరొకవంక దేశంలో కొన్నిచోట్ల పాత మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లు మూతపడ్డాయి. కరెంటు ఖర్చు ఎక్కువ, వినేవారు తక్కువ అన్నది లెక్క. మామూలు రోజున ఆ లెక్క సరియైనదే. తుపాను రోజున వినేవారిని ఎవరు లెక్కపెట్టారు?

మీడియం వేవ్‌నే కొత్త పద్ధతిలో నడిపే ఉపాయమూ ఉన్నది. దానిని డి.ఆర్.ఎం. అంటారు. దేశంలో ముప్ఫైకి పైగా ట్రాన్స్‌మిటర్లను ఆకాశవాణివారు దానికి అనువుగా ఏర్పాటు చేశారు. అదే తరంగం మీద మాట స్పష్టంగా వస్తుంది, అక్షరాలు తెరమీద కనబడతాయి, అన్నిటికీ మించి ప్రమాద ఘంటిక మోగగానే సెట్టు తనంతట తానే ఆ ప్రసారానికి మారుతుంది. పాలకాయతిప్పకు ఇంతకన్న కావలసినదేమిటి అనిపిస్తుంది. చిక్కల్లా సెట్టు దగ్గర ఉన్నది. లక్షల కొత్త కార్లలో ఈ రేడియో వచ్చింది. వల వేసేవాడి పడవలోకి రాలేదు. అంగట్లో చవుకగా దొరికే రోజు రాకముందే పాత ప్రసారాన్ని ఆపేస్తే, కొత్త బట్టలు కుట్టించకముందే పాతవి దానమిచ్చినట్లవుతుంది.

సెల్‌ఫోను హెచ్చరికను తక్కువ చేయటానికి వీలులేదు. టవరు పరిధిలో ఉన్న ఫోనులన్నీ ఒక్కసారి కూసే పద్ధతిని 2023లో దేశమంతటా పరీక్షించారు గదా. ఆనాడు మా ఇంట్లో జరిగినది చెపుతాను. భోజనాలవేళ నా ఫోను పొయ్యిమీది పాలు పొంగినట్లు ఒక్కసారిగా అరచింది.

‘‘ఏమిట్రా అది, అట్లా కూస్తున్నది?’’ అన్నది మా అమ్మ.

‘‘తుపాను వస్తే ఇట్లా చెపుతారట అమ్మా. ఇది ఉత్త పరీక్ష.’’

‘‘కరెంటు పోతేనో?’’

‘‘ఫోనులో చార్జింగు ఉంటుంది గదా!’’

‘‘నీ ఫోనులో ఉంటుంది సరే. ఆ స్తంభానికో?’’

నేను మాట్లాడలేదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖపట్నమంత నగరంలోనే కరెంటు, ఫోన్లు రోజులకొద్దీ పడిపోయాయి. మా అమ్మకు విశాఖ సంగతి గుర్తున్నదో లేదో గాని 1977 గుర్తున్నది. ఆ రాత్రి బందరులో మా నాన్నగారు ట్రాన్సిస్టరు చెవిదగ్గర పెట్టుకుని కూర్చున్నారనీ, బొరబొరమంటున్న చప్పుడులో ఒక్కొక్క మాట ఏరుకున్నారనీ ఆమె ఎన్నిసార్లు చెప్పిందో. ఆ ట్రాన్సిస్టరు ఇంకా మా అటకమీద ఉన్నది. దించి చూస్తే సెల్లు ఎప్పుడో కారిపోయి, లోపలి తీగెలను తినేశాయి. తుపాను సంగతులు వ్రాసే నా ఇంట్లోనే ఈ అందం.

నేను అడిగేది పెద్ద గొంతెమ్మ కోరిక కాదు. పాలకాయతిప్ప వంటి ఊళ్ళలో తుపాను షెల్టరున్నచోట ఒక రేడియో, దానికి సూర్యరశ్మితో నడిచే బ్యాటరీ, దానిని చూసుకునే బాధ్యత ఊళ్ళో ఎవరికో ఒకరికి. పాలకాయతిప్పలో మెరైన్ పోలీసు స్టేషను కూడా ఉన్నది గనుక అక్కడ ఇంకొకటి. నెలకొకసారి, తేదీ తప్పకుండా, పరీక్ష ప్రసారం. హెచ్చరిక మాట కూడా మారాలి. ‘ఖగోళ ఆటుపోట్లకు పైన మీటరున్నర ఎత్తున అలల తాకిడి’ అంటే ఎం.ఏ. చదివిన నాకే ఒకటికి రెండుసార్లు వినవలసి వస్తుంది. ‘ఉప్పెన వస్తుంది, మీ ఊళ్ళో నీరు నడుము దాటుతుంది, చీకటిపడకముందే షెల్టరుకు చేరండి’ అంటే పాకలోని ముసలమ్మకు కూడా తెలుస్తుంది. తుపాను ఎక్కడ దాటుతుందో తర్వాత చెప్పవచ్చు. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర దాటింది. దివిసీమ మళ్ళీ కుడిచేతి వైపే ఉన్నది. ఈ కుడి ఎడమల సంగతి బళ్ళో పిల్లలకు చెప్పినా ఎంతో ఉపయోగం.

అన్నిటికన్న ముందు, రేడియో పదకొండవ నంబరు. తుపాను రోజులలో ప్రతి గంటా ఫలానా నిమిషాన మాట వినిపిస్తామని కేంద్రం మాట ఇవ్వాలి. వరుసగా రెండు గంటలు ఆ మాట వినబడకపోతే ఎవరి ఆజ్ఞకూ ఎదురుచూడక షెల్టరుకు నడవవలసినదని ఊరంతటికీ ముందే చెప్పి ఉంచాలి. దీనికి కోట్లు అక్కరలేదు. రేవులో ఓడలకు ఇటువంటి కట్టుబాటు ఎన్నడో చేసి పెట్టారు.

మొన్న వాయుగుండమన్న వార్త పత్రికలో చూసి బజారుకు వెళ్ళి ఒక చిన్న రేడియో కొన్నాను. సెల్లు అడిగితే, ‘‘గోడగడియారానికా అండీ?’’ అన్నాడు కొట్టు అబ్బాయి. రేడియోకన్నాను. పైనుంచి కిందికి ఒకసారి చూసి, లోపలికి వెళ్ళి దుమ్ము దులిపి రెండు జతలు తెచ్చాడు. ఇంటికి వచ్చి 837 దగ్గర ముల్లు నిలిపాను. కాసేపు గరగర, ఆ తర్వాత విజయవాడ. అమ్మ వచ్చి పెట్టెను కిటికీ దగ్గరికి జరిపింది.

‘‘ఇక్కడైతే బాగా పలుకుతుంది,’’ అన్నది. ‘‘మీ నాన్నగారు ఇక్కడే పెట్టేవారు. ఆ రెండో జత సెల్లు బియ్యం డబ్బాలో పెట్టు, చెమ్మ పట్టకుండా.’’